గోల్‌పోస్ట్ దగ్గర కాదు.. జీతాల దగ్గర చూడండి!

మీ టీమ్ వరసగా ఓడిపోతోంది అనుకోండి. మొదటి మ్యాచ్‌కి రిఫరీని తిడతారు. మూడో మ్యాచ్‌కి స్ట్రైకర్‌ని. అయిదో మ్యాచ్‌కి కోచ్‌ని పీకేయాల్సిందే అంటారు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ చూస్తూ పెరిగిన మనకి ఈ వాదన బాగా వంటబట్టింది. 2014-15లో టైటిల్ కొట్టిన చెల్సీ ఆ తర్వాతి సీజన్‌లో 16 మ్యాచ్‌లకు 9 ఓడిపోతే, డిసెంబరులోనే కోచ్ జోసె మౌరిన్యోని సాగనంపారు. అక్కడ ఆ వాదనకి అర్థం ఉంది. డబ్బుకి కొదవ లేదు, ఆటగాళ్లు దాదాపు వాళ్లే. మరి ఆట ఏమైందని ఎవరైనా అడుగుతారు.

ఇదే కొలతతో మనవాళ్లు హైదరాబాద్ ఎఫ్‌సీని కూడా కొలిచారు. నా పేచీ అక్కడే.

2022 మార్చి 20, గోవాలోని ఫతోర్దా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటౌట్. గోల్‌కీపర్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు, కప్పు మనది. ఆ తర్వాతి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం. ఇక 2023-24 చూడండి: 22 మ్యాచ్‌లు, 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. 8 పాయింట్లతో 12 జట్లలో చిట్టచివర.

ఎందుకిలా అంటే అభిమానుల దగ్గర బోలెడు జవాబులు. కోచ్ మనోలో మార్కెజ్ గోవా టీమ్‌కి వెళ్లిపోయాడు కాబట్టి. ఒగ్బెచె లేడు కాబట్టి. కొత్త కోచ్‌కి ఇక్కడి ఆట తెలియదు కాబట్టి. గచ్చిబౌలి స్టాండ్స్‌లో జనమే లేరు కాబట్టి. ఒక్కోదాంట్లో కొంత నిజం ఉంది. కానీ వెబ్‌సైట్ ఆగిపోయినప్పుడు కోడ్‌లో బగ్ కోసం రాత్రంతా వెతికి, తెల్లారాక తెలిసిందట.. క్లౌడ్ బిల్లే కట్టలేదని! ఈ వాదనలూ అలాంటివే.

ఆ సీజన్‌లో జీతాలు సరిగా అందలేదు. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ మధ్యలోనే వెళ్లిపోయారు, కోచ్ కోనర్ నెస్టర్ కూడా. పోనీ కొత్తవాళ్లని తెచ్చుకుందామా అంటే, బకాయిలు తీర్చనందుకు కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చేసుకోకుండా ఫిఫా నిషేధం. చివరికి కోచ్ తాంగ్‌బోయ్ సింగ్తో చేతిలో మిగిలింది ఎక్కువగా మన దేశపు కుర్రాళ్లే. అవతల పూర్తి బలంతో వచ్చే జట్లు. ఇందులో వ్యూహం గురించి మాట్లాడటానికి ఏముంది చెప్పండి?

ఫిఫా నిబంధనల్లో ఒక మంచి ముక్క ఉంది. రెండు నెలల జీతం బాకీ పడితే ఆటగాడు 15 రోజుల గడువిస్తూ నోటీసు ఇవ్వొచ్చు. అప్పటికీ డబ్బు రాకపోతే కాంట్రాక్ట్ తెంచుకోవచ్చు. (మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో 90 రోజుల నోటీస్ పీరియడ్ గురించి ఇక్కడ మాట్లాడను. బీపీ పెరుగుతుంది.) అందుకే డబ్బు ఆగిన చోట ముందు వెళ్లిపోయేది బయట గిరాకీ ఉన్నవాళ్లు. మిగిలినవాళ్లు రోజూ గ్రౌండ్‌లోకి దిగుతారు కాబట్టి కనిపిస్తారు, తిట్లు వాళ్లకే. చెక్కు మీద సంతకం పెట్టాల్సిన మనిషి టీవీలో కనిపించడు కదా!

‘అంటే కోచ్ ఎవరైనా ఒకటేనా?’ అని మీరు అడగొచ్చు. కాదు. ఇదే క్లబ్ తన మొదటి సీజన్ 2019-20లోనూ 10 పాయింట్లతో ఆఖరున నిలిచింది. తర్వాత మార్కెజ్ వచ్చి ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లని నమ్ముకుని 29 పాయింట్లకు లాక్కొచ్చాడు. కోచ్ ప్రభావం అంత ఉంటుంది. అయితే కుర్రాళ్లు ఇంటి అద్దె గురించి కాకుండా ఆట గురించి ఆలోచించే పరిస్థితి ఉండాలి.

ఉద్యోగాల పేజీలో ఈ ఫుట్‌బాల్ గోల ఏంటంటారా? క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌లో మీరూ ఇలాగే చూస్తున్నారు. ఆఫీసు బాగుందా, సీఈవో బాగా మాట్లాడుతున్నాడా, ప్యాకేజీ ఎంత.. ఇంతే. నా క్లాస్‌మేట్ ఒకడు ఒక స్టార్టప్‌లో చేరాడు. పే స్లిప్‌లో నెలనెలా పీఎఫ్ కోత కనిపించేది. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే నాలుగు నెలలుగా జమ లేదు. ఆ నాలుగు నెలలూ ఆఫీసులో చర్చ ఏమిటో తెలుసా? ‘టెస్టింగ్ టీమ్ సరిగా పనిచేయట్లేదు’ అని! ఇంటర్వ్యూలో కలిసినవాళ్లని కాదు, ఆరు నెలల కిందట అక్కడ మానేసినవాళ్లని అడగండి. చివరి జీతం, సెటిల్‌మెంట్ ఎన్నాళ్లకి వచ్చాయని. చేరాక రెండో నెల నుంచే పాస్‌బుక్ చూసుకోండి. అయిదు నిమిషాల పని.

ఇక సీనియర్లు, ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఈ పేజీ చదువుతుంటే వాళ్లకో మాట. మూతపడ్డ కంపెనీ పేరు రెజ్యూమెలో కనపడగానే పక్కన పెట్టేయకండి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ సీజన్‌లో గెలిచిన ఒకే ఒక్క మ్యాచ్ 2024 మార్చిలో, చెన్నైలో, చెన్నైయిన్ ఎఫ్‌సీ మీద, 1-0తో. అప్పటికి విదేశీయులు దాదాపుగా లేరు, మార్చి వచ్చేసింది, పట్టికలో పైకి వెళ్లే ఆశా లేదు. అయినా ఆ కుర్రాళ్లు చివరిదాకా పరిగెత్తారు. 8 పాయింట్ల జట్టులో ఆడారన్నది వాళ్ల రికార్డులో ఉంటుంది. ఏ పరిస్థితిలో ఆడారన్నది అడిగితేనే తెలుస్తుంది.

తర్వాత యజమానులు మారారు. 2024-25లో 24 మ్యాచ్‌లకు 18 పాయింట్లు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. పసుపు జెర్సీ కొనుక్కున్న నా ఫ్రెండ్స్ మాత్రం ఇప్పటికీ మార్కెజ్ ఉండుంటేనా అని వాదించుకుంటూనే ఉన్నారు.