చాంబరు కడిగిన నూనె ఎటు పోతోంది?

పాత ఫోర్డు కార్లకు కొత్త ఇంజన్లు బిగించి 'హాట్ రాడ్' అని మురిసిపోవడం అమెరికావారి ముచ్చట. మన నల్లగొండ ప్రాంతంలో ఆ ముచ్చట పాత జీపులది. మా మేనల్లుడు అటువంటి జీపునొకదానిని కొని, ఆయిలు చాంబరు మార్పించడానికి షెడ్డుకు పోతూ నన్నూ వెంటబెట్టుకుపోయాడు. ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నాకు యంత్రజ్ఞానం శూన్యం. అయినా ఆ పనితనానికి ముగ్ధుణ్ణయ్యాను.

ఇంజను అడుగున నూనె నిలిచే ఇనుప తొట్టియే చాంబరు. రాతిదెబ్బకు అది సొట్టపడి కారుతోంది. మెకానిక్కు నా పూర్వవిద్యార్థి. ఇంజనును కాసేపు నడిపి, నూనె పలుచబడ్డాక అడుగుబోల్టు విప్పాడు. చాంబరును దించితే లోపల తారువంటి మడ్డి, అందులో మెరిసే ఇనుప రజను! నూనె పీల్చే జాలీని డీజిలుతో కడిగాడు. పాత ప్యాకింగును గీకి, కొత్తది వేసి, కొత్త చాంబరు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాడు. చుక్క కారలేదు.

ఆ తరువాత జరిగినదే నన్ను కలచివేసింది. ఆ నల్లని నూనెనూ, కడిగిన డీజిలునూ షెడ్డు వెనుక నేలమీద గుమ్మరించాడు. "ఇదేమిటి నాయనా?" అంటే, "ఇన్నేండ్ల సంది గిట్లనే పోస్తున్నం సార్. ఎవలూ వద్దనలే" అన్నాడు.

నిజమే. డబ్బులిచ్చిన మేమూ వద్దనలేదు.

ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోయిన మనుషుల నేల ఇది. పటిక, సున్నములతో ఆ నీటిని శుద్ధిచేయడానికి నాగపూరులోని 'నీరి' సంస్థ రూపొందించిన విధానానికి 'నల్గొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. నీటిని బాగుచేసే విద్యకు మన ఊరి పేరున్నది. ఫ్లోరైడు రాతిలోనిది, అది మన తప్పు కాదు. కానీ వాడిన నూనెలోని లోహాలూ, క్యాన్సరు కారకాలూ మనం పోస్తేనే నేలలోకి దిగుతాయి.

వాడిన నూనెను 2016 నాటి నియమావళి ప్రమాదకర వ్యర్థాలలో చేర్చింది. దానిని పునఃశుద్ధికి చేర్పించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుండి నూనె తయారీదారులపైనా పెట్టారు. ఆ బాధ్యత రోడ్డుపక్క షెడ్డుదాకా రావాలంటే, కొత్త నూనె అమ్మిన దుకాణమే పాత నూనెను తిరిగి తీసుకోవాలన్నది నా అభిప్రాయం. అందాకా బండి యజమాని చేయగలిగిన పని ఒకటున్నది. కొత్త నూనె డబ్బా ఎలాగూ ఖాళీ అవుతుంది. పాత నూనెను అందులోనే పోయించి, మూత బిగించి, అనుమతి ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. సెంట్రింగు పలకలకు పూస్తే వృథా కాదనేవారున్నారు. అక్కడినుండి చేరేదీ నేలకే గదా!

'జీవనం' అంటే నీరని కూడా అర్థం. పర్యాయపదాలు చెప్పేటప్పుడు ఆ శిష్యునిచేత కూడా వల్లె వేయించాను. మాట నేర్పాను గాని, దాని బరువు చెప్పలేదేమో! ఈసారి షెడ్డుకు ఖాళీ డబ్బాతో వెళతాను. మీరూ వెళ్లండి.