మూడింటికి బంద్

రెండేళ్ల కింద, మెల్‌బోర్న్‌లో ఉద్యోగానికి పోయే ముందు, మా మామ ముందర ల్యాప్‌టాప్ తెరిచి ఆయన చాయ్ హోటల్ ఎందుకు మూసెయ్యాలో లెక్కలతో సహా చూపించాను. ఎక్సెల్ షీట్ అది. అద్దె, గ్యాస్, పాలు, పనివాళ్ల జీతాలు ఒక వైపు. ఒక పెద్ద చాయ్ కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుంటే వచ్చే ఆదాయం ఇంకో వైపు. కొండమల్లేపల్లి చౌరస్తా, నాలుగు దిక్కుల బస్సులు ఆగే చోటు. ఏసీ పెట్టి, బోర్డు మారిస్తే చాలన్నాను.

మామ అంతా విన్నాడు. నా గ్లాసు ఖాళీ అయితే మళ్లీ నింపాడు. "సూద్దాంలే అల్లుడా" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినోడు చెప్తే వినడే అని మనసులో విసుక్కుని విమానమెక్కాను.

మెల్‌బోర్న్‌లో నేనుండేది టార్నీట్‌లో. పడమటి శివారు. మనవాళ్లు బాగానే ఉంటారు, గోంగూరకు కరువు లేదు. ఆఫీసు మాత్రం సిటీలో. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర డెగ్రేవ్స్ స్ట్రీట్ అని ఒక సందుంది. రెండు వైపులా చిన్న చిన్న కేఫ్‌లు, మధ్యలో బల్లలు. మొదటి రోజు పోయి "కాఫీ" అన్నాను. ఏ కాఫీ? ఫ్లాట్ వైటా, లాంగ్ బ్లాకా, లాటేనా, మ్యాజిక్కా? మ్యాజిక్ అనేది ఆ ఊరి సొంత సరుకు. చిన్న కప్పులో చిక్కటి డబుల్ రిస్ట్రెట్టో పోసి, కప్పు ముప్పావు వంతు నిండేదాకా పాలు పోస్తారు. నాకవన్నీ తెలియవు. ముందు నిలబడ్డాయన ఏది చెప్పాడో అదే చెప్పాను.

నాలుగో రోజు నేను నోరు తెరవకముందే కౌంటర్ వెనకాల కుర్రాడు "ఫ్లాట్ వైట్, ఒక చక్కెర, అంతేగా?" అన్నాడు. అప్పటికి ఆ దేశం పోయి రెండు నెలలు. ఆఫీసు గేటు దగ్గర నా కార్డును గుర్తుపట్టే మెషీన్ తప్ప, నన్ను నన్నుగా గుర్తుపట్టింది ఆ కుర్రాడొక్కడే. ఆ వారం నుంచి శనివారం వస్తే చాలు, చిన్న కేఫ్‌లు వెతుక్కుంటూ తిరగడం మొదలైంది.

ఆ ఊళ్లో చిన్న కేఫ్‌లదే రాజ్యం. స్టార్‌బక్స్ 2000లో ఆస్ట్రేలియాకు వచ్చింది. 2008లో దేశంలోని 84 దుకాణాల్లో 61 మూసేసింది. ఎందుకంటే అక్కడి జనానికి మంచి కాఫీ కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఇటలీ వాళ్లు ఎస్‌ప్రెసో మెషీన్లు తెచ్చిపెట్టారు. అప్పట్లో అక్కడ బార్లు సాయంత్రం ఆరింటికే మూయాలని చట్టం. అది 1966 దాకా నడిచింది. పొద్దుగూకినాక నలుగురు కూర్చుని మాట్లాడుకోవాలంటే కాఫీ హోటల్ ఒక దిక్కు.

బూర్క్ స్ట్రీట్‌లో పెల్లెగ్రినీస్ అని ఒక ఎస్‌ప్రెసో బార్ ఉంది. 1954లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టింది. ఇప్పటికీ పొడుగాటి కౌంటర్, దాని ముందర ఎత్తు స్టూళ్లు. 1974లో సిస్టో మలస్పీనా అనే ఆయన తన స్నేహితుడితో కలిసి దాన్ని కొన్నాడు. ఇటలీ నుంచి వలస వచ్చినవాడే. నలభై నాలుగేళ్లు వచ్చినవాళ్లందరికీ కాఫీలు అందించాడు. 2018 నవంబర్‌లో అదే వీధిలో జరిగిన ఒక దాడిలో చనిపోయాడు. హోటల్ గుమ్మం ముందు జనం పూలు గుట్టలుగా పోశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఒక కాఫీ హోటలాయనకు! అది చదివిన రోజు నాకు మామ గుర్తొచ్చాడు. మూసెయ్యమని నేనిచ్చిన సలహా కూడా గుర్తొచ్చింది.

టార్నీట్ నుంచి సిటీకి పోయే రైలు ఫుట్‌స్క్రేలో ఆగుతుంది. అక్కడ ఇథియోపియా వాళ్ల కేఫ్‌లున్నాయి. ఒక శనివారం దిగి ఒకదాంట్లోకి పోయాను. ఒక పెద్దమ్మ పచ్చి గింజల్ని పెనం మీద వేయించి, ఆ పొగను మా మొహాల దగ్గరికి తెచ్చి చూపించింది. మట్టి కూజాలో కాచి, చెవుల్లేని బుల్లి కప్పుల్లో పోసింది. తాగి లేవబోతే కూర్చోమంది. వాళ్ల పద్ధతిలో మూడు విడతలుగా పోస్తారు. అబోల్, తోనా, బరకా. మూడోది దీవెన. అది తాగకుండా పోతే ఎట్లా అన్నట్టు చూసింది. మా మామ హోటల్లో కూడా చుట్టం ఒక్క చాయ్‌తో లేచిపోలేడు.

డెగ్రేవ్స్ కుర్రాణ్ని ఒకసారి అడిగాను, మీ కాఫీ ఇంత బాగెందుకుంటుందని. గింజల గురించి చెప్తాడనుకున్నా. నీళ్లన్నాడు. ఆ ఊరి నీళ్లు ఎక్కువగా మనుషుల్ని అడుగుపెట్టనియ్యని అడవి కొండల నుంచి వస్తాయి. ఉప్పదనం లేని మెత్తటి నీళ్లు. "పళ్లు పుచ్చకుండా కొంచెం ఫ్లోరైడ్ కలుపుతారు, అంతే" అన్నాడు. 1977 నుంచి కలుపుతున్నారట.

నల్లగొండ వాడితో అనాల్సిన మాటేనా అది? మా మర్రిగూడ, నాంపల్లి దిక్కు బోరునీళ్లలో అదే ఫ్లోరైడ్ మోతాదు మించి, మనుషుల కాళ్లు వంచింది, వెన్నెముకలు బిగదీసింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అంటుంది. మా జిల్లాకు దక్కిన పేరు అట్లాంటిది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. చాయ్ అంటేనే మరిగించుడు కదా. అందుకే, కృష్ణా నీళ్లు ఇంటింటికీ రాకముందు, మామ పొద్దుగాల మూడున్నరకే లేచి మోపెడ్ మీద క్యాన్లు కట్టుకుని మంచినీళ్లు తెచ్చేవాడు. హోటల్ వెనకాలే బోరు ఉన్నా, ఆ నీళ్లు గిన్నెలు కడగడానికే. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

నా ఎక్సెల్ షీట్‌లో నీళ్లకు కాలమ్ లేదు.

పోయిన దసరాకు ఊరికొచ్చాను. తప్పు ఒప్పుకుందామనే పోయాను. హోటల్ మూయొద్దు మామా, నీ చాయ్ అసలు సరుకు అంటూ పెల్లెగ్రినీస్ కథంతా చెప్పాను. లాంఛనాల సంగతి కూడా. మామ నవ్వి, "సచ్చినంక లాంఛనాలు నేనేం జేస్కుంట అల్లుడా? బతికుండంగ ఒక్కపూట పండుకోనిస్తే సాలు" అన్నాడు. లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేచాడు. మోకాళ్లు. వయసో, చిన్నప్పుడు తాగిన నీళ్లో.

సిగ్గేసింది. మొదట మూసెయ్యమన్నాను, ఇప్పుడు మూయొద్దంటున్నాను. రెండుసార్లూ పొయ్యి ముందర పొద్దుగాల నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడేదెవరో ఆలోచించలేదు. మెల్‌బోర్న్ కేఫ్‌ల ముచ్చట్లన్నీ చెప్పాను గానీ, అసలుది చెప్పలేదు. అక్కడ చాలా కేఫ్‌లు మధ్యాహ్నం మూడు, నాలుగింటికల్లా మూసేస్తారు. కాఫీ పోసినాయన ఇంటికి పోతాడు.

అది చెప్తే మామ చెయ్యి ఊపేశాడు. "సాయంత్రం చాయే మనకు బువ్వ. మూడింటికి బంద్ పెడితే గిరాకి పక్క హోటల్‌కు పోతది."

నిజమే. ఇక్కడి సాయంత్రం వేరు. అప్పుడు అత్త, కౌంటర్ వెనకాల నుంచి, "మూడింటికి నువ్వు బంద్ గా. హోటలెందుకు బంద్?" అంది.

పదేళ్ల నుంచి మామ దగ్గర చాయ్ పోసే పిల్లగాడు ఉన్నాడు. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో కేఫ్ నీలోఫర్ ఉంది కదా, అందులో పనికి చేరిన బాబూరావు గారే తర్వాత దానికి యజమాని అయ్యారు. ఈ ముచ్చట మామకు నాకంటే ముందే తెలుసు. మూడు రోజులు లెక్కలేసుకున్నారు. ఈసారి లెక్క ఎక్సెల్‌లో కాదు, ఉద్దెర రాసే బుక్కు వెనక పేజీల్లో. మూడింటి నుంచి రాత్రి దాకా హోటల్ ఆ పిల్లగాడిది. పాలు, చాయ్‌పత్తి, గ్యాస్ ఖర్చులు తీసేసి మిగిలిందాంట్లో సగం వాడికి, సగం మామకు. నీళ్లు మాత్రం ఎక్కడివో అడిగి తేవాలని మామ షరతు.

నేను బయల్దేరే ముందు రోజే మొదటి రోజు. మూడు దాటినా మామ ఇంటికి పోలేదు. గిరాకీలు కూర్చునే బల్ల మీద, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. అన్నేళ్లలో ఆయన అటువైపు కూర్చోవడం నేను చూడలేదు. పిల్లగాడు గ్లాసు తెచ్చి పెట్టాడు. మామ ఒక గుక్క తాగి, "చక్కెర ఎక్కువైంది" అన్నాడు. మొత్తం తాగాడు. పోతూ పోతూ గల్లాపెట్టె మీద పది రూపాయలు పెట్టాడు.