ముఖం ఆటగాడిది, గతం ఎవరిది?

2023 ఆగస్టులో 'బాల్డర్స్ గేట్ 3' అనే వీడియో గేమ్ విడుదలైంది. తొలి వారాంతంలో ఆటగాళ్లు తమ పాత్రను తీర్చిదిద్దుకోవడానికే వెచ్చించిన సమయం మొత్తం కలిపితే 88 ఏళ్లని, దాన్ని తయారు చేసిన బెల్జియం సంస్థ లారియన్ లెక్క చెప్పింది. ముక్కు తీరు, కొమ్ముల వంపు, కంటిపాప రంగు, జుట్టు, గొంతు... కథలో ఒక్క అడుగు పడకముందే ఇంత కాలం. ఆట సిద్ధంగా ఉంచిన నాయకులు తక్కువవాళ్లేమీ కారు. ఆస్టేరియన్, గేల్, షాడోహార్ట్, కార్లాక్, లేజెల్, విల్ - ఒక్కొక్కరి వెనుక ఒక నవలకు సరిపడా గతం ఉంది. వాళ్లలో ఎవరినైనా ఎంచుకుని ఆడొచ్చు. అయినా నూటికి 93 మంది సొంత పాత్రనే చేసుకున్నారు.

ఈ ఒక్క అంకెను పట్టుకుని సొంత పాత్రదే గెలుపని తేల్చేయడం తొందరపాటు. యాభయ్యేళ్ల రోల్ ప్లేయింగ్ ఆటల చరిత్రను దగ్గరగా చూస్తే అసలు తగవు ముఖం దగ్గర లేదని తెలుస్తుంది. పాత్రకు గతం ఎవరిచ్చారు, ఆ గతాన్ని ఆట ఎంతవరకు గుర్తుపెట్టుకుంటుంది అన్నదే తేలవలసిన విషయం.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చినప్పుడు పాత్ర పుట్టేది పాచికల్లోంచి. మూడేసి పాచికలు వేసి బలం, తెలివి, వివేకం, చురుకు, దారుఢ్యం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు అంకెలు రాసుకునేవారు. ఆ కాగితం మీది మనిషికి గతం కావాలంటే ఆటగాడే నోటితో చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చున్న స్నేహితులు వినేవారు. ఆట నడిపే మనిషి దాన్ని మనసులో పెట్టుకుని ఎన్నో వారాల తర్వాత ఒక సందర్భంలో బయటికి తీసేవాడు. కంప్యూటర్‌కు ఆ చెవి లేదు. 1981 నాటి 'విజార్డ్రీ'లో ఆరుగురిని తయారు చేసి నేలమాళిగలోకి పంపొచ్చు. పేర్లు, అంకెలు తప్ప వాళ్లెవరో ఆటకు తెలియదు.

జపాన్ మరో దారి పట్టింది. 1987లో 'ఫైనల్ ఫాంటసీ' మొదటి భాగం పేరులేని నలుగురు వీరులతో నడిచింది. 1991లో వచ్చిన నాలుగో భాగానికి సెసిల్ నాయకుడు. రాజాజ్ఞకు తలొగ్గి అమాయకుల మీద దాడి చేసి, ఆ పాపభారంతో కుమిలిపోయే సేనాని. 1997లో ఏడో భాగం నాటికి క్లౌడ్ పేరు ప్రపంచమంతా తెలిసిపోయింది. రచయిత చెప్పదలచుకున్న కథ చెదరకుండా ఉండాలంటే నాయకుడు రచయిత చేతిలోనే ఉండాలన్నది ఆ పద్ధతి.

ఈ రెంటి మధ్య 1985లోనే రిచర్డ్ గ్యారియట్ 'అల్టిమా 4'లో చేసిన ప్రయోగాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. అందులో పాచికలు లేవు, అంకెలు పంచుకోవడం లేదు. జోస్యం చెప్పే ఒకామె ఎదుట కూర్చోవాలి. ఆమె వరుసగా ధర్మసంకటాలు అడుగుతుంది. నిజం చెప్పడమా, జాలి చూపడమా? న్యాయమా, త్యాగమా? ఎనిమిది సుగుణాలను రెండేసి చొప్పున ఎదురెదురుగా నిలబెట్టి, ఇచ్చిన జవాబులను బట్టి ఆటగాడు ఏ వృత్తివాడో తేలుస్తుంది. ముఖాన్ని కాకుండా మనసును మలిచే యంత్రం అది. తర్వాతి నలభయ్యేళ్లలో గ్రాఫిక్స్ ఎంత పెరిగినా ఇలాంటి ప్రశ్నలడిగే ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టేంతే వచ్చాయి.

సొంత పాత్రకున్న పెద్ద చిక్కు మాట. ఆటగాడు ఎవరినైనా తయారు చేసుకోగలిగితే ఆ ఎవరైనాకు సరిపోయే సంభాషణ రాయాలి. 2015లో వచ్చిన 'ఫాలౌట్ 4'లో బెథెస్డా సంస్థ తొలిసారి నాయకుడికి గొంతు ఇచ్చింది. ప్రతి మాటా మగ గొంతులో ఒకసారి, ఆడ గొంతులో ఒకసారి రికార్డు చేశారు. ఇంట్లో పనిచేసే రోబో కాడ్స్‌వర్త్ ఆటగాడిని పేరు పెట్టి పిలవడానికి దాదాపు వెయ్యి పేర్లు ముందే రికార్డు చేసి ఉంచారు. శ్రమంతా కనిపిస్తుంది. అయినా ఆ నాయకుడు ఎవరో ఎత్తుకుపోయిన కొడుకు కోసం తల్లడిల్లే తండ్రో తల్లో అని కథ ముందే నిర్ణయించేసింది. దారిదోపిడీగాడిని ఊహించుకున్న ఆటగాడికి పాత్ర నోట వచ్చే ఆ ఆర్తి పరాయిదిగా వినిపించింది. చాలామంది అదే మాట అన్నారు. 2023లో వచ్చిన 'స్టార్‌ఫీల్డ్'కి ఆ సంస్థ మళ్లీ నోరు మెదపని నాయకుడి దగ్గరికే వెళ్లింది.

ఇక సిద్ధ పాత్రల వైపు. పోలండ్ రచయిత ఆంజెయ్ సప్కోవ్‌స్కీ సృష్టించిన గెరాల్ట్ 1986లో ఒక పత్రికలో అచ్చయిన కథతో పుట్టాడు. సీడీ ప్రాజెక్ట్ రెడ్ అతన్ని 2007లో ఆటలోకి తెచ్చింది. తెలుగు పాఠకులకు ఇక్కడ మనుచరిత్ర గుర్తు రావాలి. వరూధినిని చేరడానికి గంధర్వుడు ప్రవరుడి రూపం ధరిస్తాడు. రూపం ప్రవరుడిది, కోరిక గంధర్వుడిది. గెరాల్ట్ ఒంట్లో దూరిన ఆటగాడి పరిస్థితీ అదే, ఒక్క తేడాతో. ఇక్కడ ఆ రూపం లోపలివాడిని కూడా పట్టి ఉంచుతుంది. గెరాల్ట్‌ను మాంత్రికుడిగానో రాజుగానో మార్చడం కుదరదు. 2015 నాటి 'విచర్ 3'లో అతని పెంపుడు కూతురు లాంటి సిరి, ఆత్మీయుడైన వెసెమిర్ పోయి దిగులుగా కూర్చుంటుంది. అప్పుడు ఆమెతో కలిసి తాగొచ్చు, లేదా మంచు ముద్దలు విసిరి ఆడించొచ్చు. చూడ్డానికి చిన్న ఎంపికే. ఇలాంటివి కొన్ని కలిసి కథ చివర ఆమె బతుకుతుందో లేదో తేలుస్తాయి. ముక్కు ఆకారం ఎంచుకోనివ్వని ఈ ఆట, తండ్రిగా ఎలాంటివాడో తేల్చుకోమని ఆటగాడి చేతికే వదిలేసింది.

ఈస్టోనియా నుంచి 2019లో వచ్చిన 'డిస్కో ఎలీసియం' ఇంకా లోతుకు వెళ్లింది. హోటల్ గదిలో తాగిన మత్తు దిగని ఒక పోలీసు డిటెక్టివ్ నేల మీద లేస్తాడు. పేరు గుర్తులేదు. తుపాకీ లేదు, బ్యాడ్జీ లేదు. స్నానాల గదిలో ఆవిరి పట్టిన అద్దం. తుడిచి చూసుకోవచ్చు, చూసుకోకుండా వెళ్లిపోవచ్చు. చూస్తే ఉబ్బిన బుగ్గలు, ఎర్రబారిన ముక్కు, ఎంత ప్రయత్నించినా వదలని వెకిలి నవ్వు ఒకటి అతికించినట్టు కనిపిస్తుంది. ఆ ముఖం ఆటగాడు చేసింది కాదు, ఏళ్ల తరబడి తాగుడు చేసింది. ఆటగాడి చేతిలో ఉన్నది నాలుగు గుణాలు, వాటి కింద ఇరవై నాలుగు నైపుణ్యాలు. తర్కం, ఊహ, సానుభూతి, అధికార గర్వం లాంటివన్నీ అతని బుర్రలో మనుషుల్లా మాట్లాడతాయి. దేనికి ఎక్కువ అంకెలిస్తే దాని గొంతు పెద్దదవుతుంది. అంటే నాయకుడు ముందే సిద్ధం, అతని అంతరంగం మాత్రం సొంత తయారీ. ఇంత బాగా కుదిరిన పొత్తు ఆటల్లో అరుదు.

1403 నాటి బొహీమియాలో నడిచే 'కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్' (2018) నాయకుడు హెన్రీ కమ్మరి కొడుకు. అతనికి చదువు రాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు తారుమారై కనిపిస్తాయి. ఉజిట్జ్ అనే ఊళ్లో ఒక రాయసగాడి దగ్గర చదువు నేర్చుకునేదాకా ఆటగాడు కూడా నిరక్షరాస్యుడే. ఎవరి పాత్రనైనా చేసుకోవచ్చనే ఆటలో ఈ అనుభవం దొరకడం కష్టం. వీరుడికి చదువు రానివ్వకుండా ఆపాలంటే అతను ఫలానా ఇంట్లో, ఫలానా కాలంలో పుట్టాడని ఆట గట్టిగా చెప్పగలగాలి.

అలాగని సిద్ధ పాత్రే మేలని చెప్పడం ఈ సంపాదకీయం ఉద్దేశం కాదు. సొంత పాత్ర కూడా ఇంత బరువు మోయగలదని 2009లో బయోవేర్ సంస్థ 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్'తో రుజువు చేసింది. అందులో ఆరు రకాల పుట్టుకలు. ముఖం ఎలాగైనా చేసుకోవచ్చు గానీ పుట్టుకతో పాటు ఒక గతం అంటుకుని వస్తుంది. భూగర్భంలోని ఓర్జమార్ మరుగుజ్జుల నగరం. అక్కడ కులాలు ఉన్నాయి, ఏ కులానికీ చెందనివాళ్లూ ఉన్నారు. కులం లేనివాళ్ల ముఖం మీద పుట్టగానే పచ్చబొట్టు ముద్ర వేస్తారు. అలాంటి పాత్రను ఎంచుకుంటే కథ మురికివాడలో మొదలవుతుంది. తాగి పడిపోయిన ఒక యోధుడి కవచం తొడుక్కుని, అతని పేరుతో పోటీ బరిలోకి దిగాల్సి వస్తుంది. గెలుస్తున్న కొద్దీ జనం జేజేలు కొడతారు. ముసుగు తొలగగానే ఆ జేజేలే ఛీత్కారాలవుతాయి. గెలుపు లెక్కలోకి రాదు, ఆ నేల మీద అడుగు పెట్టడమే నేరం. హస్తినలో అస్త్రవిద్యా ప్రదర్శన నాడు కర్ణుడిని కులమేదని అడిగిన ఘట్టాన్ని వింటూ పెరిగిన పాఠకుడికి ఈ బరిని వేరే వివరించక్కర్లేదు. ఎన్నో గంటల ఆట తర్వాత అదే నాయకుడు ప్రపంచాన్ని కాపాడే వీరుడిగా మళ్లీ ఓర్జమార్‌కు వస్తాడు. అప్పుడూ అక్కడివాళ్ల కళ్లు ముందు చూసేది ఆ ముద్రనే. రాజకుమారుడిగా పుట్టిన మరుగుజ్జును ఎంచుకుంటే అదే నగరం ఇంకోలా పలకరిస్తుంది. ఆటగాడు చేసుకున్న పాత్ర ఎవరో ఆటకు తెలుసు. అదే దాని గొప్పతనం.

ఇప్పుడు బాల్డర్స్ గేట్ 93 శాతం దగ్గరికి వస్తే ఆ అంకెకు ఇంకో అర్థం తోస్తుంది. ఆ ఆటలో ఎవరి పాత్రలో ఆడితే వాళ్ల మాటలు తెర మీద అక్షరాలుగా కనిపించడమే ఎక్కువ, గొంతు వినిపించేది తక్కువ. ఆస్టేరియన్‌గా ఆడితే, ఆ పాత్రకు 2023 గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటుడిగా ఎంపికైన నీల్ న్యూబన్ నటన చాలావరకు చేజారుతుంది. కాబట్టి ఆటగాళ్లు ఆస్టేరియన్‌ను కాదనుకున్నారని చెప్పలేం. ఆస్టేరియన్‌గా ఉండటం కన్నా అతన్ని కలుసుకోవడానికి, అతని గుట్టు మెల్లమెల్లగా తెలుసుకోవడానికి ఇష్టపడ్డారు. సిద్ధ పాత్రలు గొప్పగా రాశారు కాబట్టే వాళ్లకెదురుగా నిలబడే ఒక సొంత మనిషి అవసరమయ్యాడు.

అదే ఆటలో 'డార్క్ అర్జ్' అనే ఇంకో దారి ఉంది. ఒళ్లంతా ఆటగాడి ఇష్టం, గతం మాత్రం ఆటది. ఆ పాత్రకు జ్ఞాపకాలుండవు, రక్తదాహం ఉంటుంది. ఆల్ఫిరా అనే గాయని ఒక సాయంత్రం విడిదికి వచ్చి తననూ జట్టులో చేర్చుకోమంటుంది. తెల్లారేసరికి ఆమె శవమై ఉంటుంది, చేతులకు నెత్తురు. చంపాలా వద్దా అని ఆట ఒక్క మాట అడగదు. 88 ఏళ్ల శ్రమతో తీర్చిదిద్దుకున్న ముఖాల్లో కొన్నింటికి ఆ రాత్రి ఆ నెత్తురు అంటింది. తన పాత్ర తనదే అనుకున్న ఆటగాడికి అక్కడ తగిలే దెబ్బ సాహిత్యానికి దగ్గరగా ఉంటుంది.

ముఖాన్ని చిన్నచూపు చూడటం మాత్రం తప్పు. ఏ ఆట తెరిచినా తనలాంటి చామనఛాయ, తనలాంటి జుట్టు ఉన్న మనిషి నాయకుడిగా కనిపించని అమ్మాయికి ముఖాన్ని మలుచుకునే ఆ స్లైడర్లు విలాసం కావు. సంస్థలు ముందుగా ఏ ముఖాన్ని చూపిస్తాయన్నదీ తేలిక విషయం కాదు. 'మాస్ ఎఫెక్ట్'లో కమాండర్ షెపర్డ్ ఆడైనా మగైనా కావచ్చు. మగ షెపర్డ్ సిద్ధ ముఖాన్ని డచ్ మోడల్ మార్క్ వాండర్‌లూ పోలికలతో చేశారు, ప్రకటనలన్నిటా ఎక్కువగా అతనే. స్త్రీ షెపర్డ్‌గా ఆడినవాళ్లు 18 శాతమేనని 2013లో బయోవేర్ చెప్పింది. మూడు భాగాలనూ కలిపి 2021లో మళ్లీ విడుదల చేసినప్పుడు అది 32 శాతానికి చేరింది. జెన్నిఫర్ హేల్ గొంతులోని ఆ స్త్రీ షెపర్డ్ మొదటి నుంచీ అక్కడే ఉంది, ముందుకు తెచ్చి చూపడమే ఆలస్యమైంది.

మాస్ ఎఫెక్ట్ సాధించిన అసలు ఘనత ఇంకొకటి. 2007లో ఆటగాడు తీసుకున్న నిర్ణయాలను 2010లో, 2012లో వచ్చిన భాగాలు మోసుకొచ్చాయి. మొదటి భాగంలో విర్మైర్ గ్రహం మీద రెక్స్ అనే సహచరుడు ఆటగాడి చేతలను బట్టి చనిపోవచ్చు. పోతే మూడో భాగంలో అతని స్థానంలో రీవ్ అనే మరొకడు, మరీ క్రూరుడు, తన జాతికి నాయకుడిగా ఎదురవుతాడు. సిద్ధ పాత్రా సొంత పాత్రా అన్న ప్రశ్నే అక్కడ చెరిగిపోతుంది. షెపర్డ్ గతం ఆటగాడు ఐదేళ్లలో బతికిన గతం.

అందుకే 2024లో వచ్చిన 'డ్రాగన్ ఏజ్: ది వెయిల్‌గార్డ్' నిరాశపరిచింది. ఆ వరుసలో ఎప్పుడూ లేనంత విస్తారంగా ముఖాన్నీ, ఒంటి తీరునూ మలుచుకోనిచ్చిన ఆట అది. పాత ఆటల నుంచి అది అడిగి తెలుసుకున్న నిర్ణయాలు మాత్రం మూడే, అవి కూడా 2014 నాటి భాగానివి. ఓర్జమార్ బరిలో ముసుగు తీసిన ఆ కులం లేని మరుగుజ్జు ఏ దారి పట్టాడో, సింహాసనం మీద ఎవరిని కూర్చోబెట్టాడో అది అడగనే లేదు. చెంప ఎముకల స్లైడర్లకు పెట్టిన శ్రద్ధలో సగం ఆ ప్రశ్నలకు పెట్టి ఉంటే, పదిహేనేళ్లుగా ఆ పాత్రను మోసుకొచ్చిన ఆటగాళ్లకు న్యాయం జరిగేది.