భద్రాచలం రోడ్‌లో భద్రాచలం లేదు

మా అమ్మని మొదటిసారి భద్రాచలం తీసుకెళ్ళినప్పుడు సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కాం. తెల్లవారుజామున 'భద్రాచలం రోడ్' అన్న పసుపుపచ్చ బోర్డు ముందు దిగాం. అమ్మ సంచీ కిందపెట్టి, ఆ బోర్డుకే ఓ దణ్ణం పెట్టి, చుట్టూ చూసి అడిగింది: "వచ్చేశామన్నావు, మరి గోదారేదిరా?"

గోదారి అక్కడ లేదు. రాముడూ లేడు. అది కొత్తగూడెం. పాల్వంచ దాటి, సారపాక దాటి, వంతెన ఎక్కితే గానీ భద్రాచలం రాదు. సుమారు 40 కిలోమీటర్లు. రైల్వే భాషలో ఊరి పేరు పక్కన 'రోడ్' అని ఉంటే, ఊరు ఇక్కడ లేదు, ఇక్కణ్ణుంచి రోడ్డు పట్టుకుని పొండి అని అర్థం. మంత్రాలయం రోడ్ కూడా అంతే.

నా తగువు పేరుతో కాదు, దాని వెనకున్న ఆలోచనతో. ఏ యాత్రా పుస్తకం తెరిచినా చివర 'ఎలా చేరుకోవాలి' అని ఓ పేరా ఉంటుంది. "సమీప రైల్వే స్టేషన్ భద్రాచలం రోడ్, 40 కి.మీ." అంతే, పని అయిపోయింది! రైలు దిగాక బస్సు ఎంతసేపటికి, అందాకా ఎక్కడ కూచోవాలి, ఆడవాళ్ళకి బాత్రూమ్ ఎక్కడ, మెట్లెక్కలేనివాళ్ళు బస్సెలా ఎక్కాలి, దర్శనం ఆలస్యమైతే తిరుగు రైలు అందుతుందా, ఇవేవీ ఉండవు. దూరం చెప్తారు, సమయం చెప్పరు. వెళ్ళడం చెప్తారు, తిరిగి రావడం చెప్పరు. ఆ పేరా రాసినాయన కారులో వెళ్ళుంటాడని నా అనుమానం. కారున్నవాడికి 40 కిలోమీటర్లంటే ఓ గంట. మోకాళ్ళ నొప్పులున్న ముసలావిడకి అదొక పూట.

అసలు ఆ వైపు పట్టాలు ఎందుకొచ్చాయో చూడండి. కొత్తగూడెం సింగరేణి ఊరు. రైలు బొగ్గు కోసం వచ్చింది. మణుగూరుకీ రైలుంది, అక్కడా గనులే. ఈమధ్య భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల కొత్త లైను వేశారు. అదీ బొగ్గు కోసమే, సింగరేణి కూడా డబ్బు పెట్టింది. బొగ్గు మీద నాకు కోపం లేదు, మా ఇంట్లో ఫ్యాను తిరిగేది దానివల్లే. కానీ దాని ప్రయాణానికి ఎంత శ్రద్ధగా లెక్కేశారు! ఎన్ని టన్నులు, ఎన్ని వ్యాగన్లు, ఎక్కడ ఎక్కించాలి, ఎక్కడ దించాలి. దారి మధ్యలో దిగి "ఇప్పుడెలా వెళ్ళాలి బాబూ" అని బొగ్గు ఎవర్నీ అడగక్కర్లేదు. మనిషిని మాత్రం 40 కిలోమీటర్ల ముందే దించేసి, మిగతాది మీరు చూసుకోండి అంటున్నాం.

దీనికి మూడు జవాబులొస్తాయి. శ్రీరామనవమికి ప్రత్యేక బస్సులు వేస్తున్నారుగా అంటారు. వేస్తున్నారు, బాగుంది. అమ్మలాంటివాళ్ళు ఆ తొక్కిసలాటకి భయపడే మామూలు రోజుల్లో వెళ్తారు. ఆ రోజుల సంగతేమిటి? కొత్త రైలు లైను వస్తోందిగా అంటారు. నిజమే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా లైను ఆమోదించింది. పట్టాలు పడేదాకా ముసలితనం ఆగుతుందా? ఇక మూడోది, భక్తి ఉంటే కష్టం తెలియదు, పూర్వం నడిచే వెళ్ళేవాళ్ళు అని. నడిచే వెళ్ళారు. అయితే వాళ్ళ దారిలో సత్రాలున్నాయి, చలివేంద్రాలున్నాయి. గుడి కట్టించడమెంత పుణ్యమో సత్రం కట్టించడమూ అంత పుణ్యమని నమ్మిన కాలమది. బాటసారి బాధ్యత బాటసారిదేనని వాళ్ళు అనుకోలేదు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ కొనకుండా వెళ్తున్నారు. మంచి పని, చాలామందిని గడప దాటించింది. బస్సు కోసం ఎదురుచూసే గంటలకి మాత్రం రాయితీ లేదు.

నేనడిగేది కొండంత పనేం కాదు. రైలు వేళకి బస్సు వేళ కలపండి. రైలు ఆలస్యమైతే బస్సు ఆగాలి. రైలుకీ బస్సుకీ ఒకే టికెట్ ఇవ్వండి. తిరుగు బస్సుల వేళలు గుడి దగ్గర అందరికీ కనబడేలా, తెలుగులో, పెద్దక్షరాలతో రాయించండి. ఎత్తు తక్కువ మెట్లున్న బస్సులు కొన్ని నడపండి. వీటికి కొత్త వంతెనా అక్కర్లేదు, కొత్త లైనూ అక్కర్లేదు. రెండు శాఖల అధికారులు ఒక బల్ల ముందు కూచుంటే చాలు.

రామదాసుని విడిపించడానికి రామలక్ష్మణులే గోల్కొండ దాకా వెళ్ళి తానీషాకి డబ్బు కట్టారని కథ. భక్తుడి కోసం దేవుడే ప్రయాణం చేశాడని చెప్పుకునే ఊరికి, భక్తుల ప్రయాణం ఎవరికీ పట్టదు.

అమ్మ మళ్ళీ భద్రాచలం వెళ్ళలేదు. ఏటా నవమికి టీవీ ముందు కూచుంటుంది. ఈసారి వెళ్దామా అని అడిగితే, "ఇందులో బాగానే కనబడుతున్నాడు కదరా" అంది, మోకాలు రాసుకుంటూ.