పరీక్షకు పేరు మారిస్తే బాధ్యత తీరుతుందా?

మూడో దశ పరీక్షలు పూర్తయ్యేదాకా కోవాగ్జిన్‌ను తమ రాష్ట్రానికి పంపవద్దని 2021 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ కేంద్రానికి లేఖ రాశారు. టీకా సురక్షితమేనని కేంద్ర మంత్రి హర్షవర్ధన్ బదులిచ్చారు. టీకాలు వేయడంలో ఆ రాష్ట్రం వెనుకబడిందని ఎత్తిచూపారు. రాష్ట్రంలో కాంగ్రెస్, కేంద్రంలో భాజపా. వ్యవహారం పార్టీల తగవుగా మారడానికి అంతకన్న కారణం అక్కరలేదు. బిలాస్‌పూర్‌లో కుదుదండ్ వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుడికి మాత్రం అసలు ప్రశ్నకు జవాబు దొరకలేదు: ఈ టీకా ఎంతమందిని కాపాడిందో ఎవరు లెక్కచూశారు?

అప్పటికి ఆ లెక్క లేదు. తొలి దశల్లో భద్రత, ప్రతిరక్షకాల వివరాలు మాత్రమే ఉన్నాయి. జనవరి 3న ఔషధ నియంత్రణాధికారి ప్రకటించిన అనుమతికి ‘క్లినికల్ ట్రయల్ మోడ్’ అనే తోక తగిలించారు. టీకా సామర్థ్యాన్ని తేల్చే పరీక్షలో సగంమందికి టీకా, సగంమందికి ఉత్తుత్తి సూది వేస్తారు. ఎవరికి ఏది పడిందో వేసేవారికీ వేయించుకునేవారికీ తెలియదు. జబ్బుపడినవారిని ప్రయోగశాల నిర్ధారిస్తుంది. ఆ తరువాతే చీట్లు విప్పి రెండు పక్షాలనూ పోల్చిచూస్తారు. ఈ ‘మోడ్’లో అంగీకార పత్రం ఉంది, పోల్చడానికి రెండో పక్షం లేదు. అత్యవసరంలో తక్కువ ఆధారాలతో నిర్ణయం తీసుకోవడం తప్పు కాదు. దానికి పరీక్ష అనే పేరు పెట్టడమే తప్పు.

దీనికి సరిగ్గా విలోమం ఖమ్మం జిల్లాలో 2009లోనే జరిగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ల బాలికలకు వేయించాయి. దానికి పెట్టిన పేరు ‘ప్రదర్శన ప్రాజెక్టు’. పరీక్ష కాదన్నారు గనుక పరీక్షల నిబంధనలూ వర్తించలేదు. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. కొందరు బాలికలు మరణించాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. మరణాలకు టీకా కారణమైనట్లు విచారణ సంఘం భావించలేదు. అయినా 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ ప్రాజెక్టు తీరును తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ పరీక్షను పరీక్ష కాదన్నారు, ఇక్కడ పరీక్ష కానిదాన్ని పరీక్ష అన్నారు. రెండుచోట్లా పేరే కవచమైంది.

2021 మార్చి 3న కోవాగ్జిన్ మధ్యంతర ఫలితాలు వచ్చాయి. 25,800 మంది పాల్గొన్న పరీక్షలో జబ్బుపడిన 43 మందిలో 36 మంది ఉత్తుత్తి సూది పడినవారు, ఏడుగురు టీకా పడినవారు. మంత్రుల ఉత్తరాలు చేయలేని పని ఈ రెండు అంకెలు చేశాయి. తుది లెక్కలో సామర్థ్యం 77.8 శాతంగా తేలింది. టీకా పనిచేసింది గనుక ముందు అడిగినవారిది తప్పని వాదించేవారున్నారు. పంట పండిందని విత్తనాన్ని పరీక్షించమన్న రైతును తప్పుపడతామా?

నిపుణుల సంఘం నిర్ణయాలు నేటికీ క్లుప్తంగానే వెలువడుతున్నాయి. వాటికి ఆధారమైన ఫలితాలు వెలువడవు. అనుమతి ప్రకటించిన రోజే వాటినీ ప్రజల ముందు పెట్టాలని చట్టం నిర్దేశించాలి. అప్పుడు రాష్ట్రాలు రాజకీయం చేస్తున్నాయో, ప్రజల తరఫున అడుగుతున్నాయో పౌరుడే తేల్చుకోగలడు.