పెట్టె మీద మూడక్షరాలు

1856లో దక్షిణాదిలో మొదటి రైలు పోయింది మన కడంబత్తూరు దారిలోనే. ఆ దారిలో రోజూ రైలెక్కుతాం గానీ పెట్టె మీది ‘ఐ.సి.ఎఫ్.’ అక్షరాలు పట్టించుకోం.

1955 అక్టోబర్ 2న పెరంబూరులో నెహ్రూ తెరిచిన ఫ్యాక్టరీ అది. ఉక్కు పెట్టె కట్టే పని స్విట్జర్లాండ్ ష్లీరెన్ కంపెనీవాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. 2018లో ఆ పాత నమూనా ఆపేసి, జర్మనీ వాళ్ళ ఎల్‌హెచ్‌బికి మారారు. మంచిదే, ప్రమాదాల్లో పాత పెట్టెలు ఒకదాని మీదొకటి ఎక్కేసేవి.

అయినా వాటిని ఒట్టి తుక్కు కింద లెక్కగట్టడం మాకు నచ్చదు. అరవై ఏళ్ళు దేశాన్ని మోసినవి అవే కదా! అక్కడ వెల్డింగో వడ్రంగమో చేసిన తాతలు మీ ఇంట్లో ఉంటే, ఆ పని సంగతులు ఇప్పుడే చెప్పించుకుని, తెలుగులోనే రాసిపెట్టండి. పెట్టె పోతే ఇనుమైనా మిగుల్తుంది. మాట పోతే ఏమీ మిగలదు.