సున్నం పడిన కంటికి మళ్లీ చూపు.. జిల్లాకు ఎందుకు రాకూడదు?

కామారెడ్డి: పాన్ తినే ఇంట్లో సున్నం ప్యాకెట్ ఉంటుంది. పిల్లల చేతిలో అది పగిలితే సున్నం నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతాయి. అవి పోతే కంటి పైపొర మళ్లీ సరిగా పుట్టదు, చూపు మసకబారుతుంది. అప్పుడు దాత కార్నియా ఒక్కటే వేసినా నిలవదు.

దీనికి మందు మన హైదరాబాద్‌లోనే దొరికింది. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో ‘స్లెట్’ పద్ధతిని ప్రకటించింది. బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, తునకలు చేసి, దెబ్బతిన్న కంటిపై ఉమ్మనీటి సంచి పొర పరిచి దానిపై అతికిస్తారు. అవే పెరిగి కొత్త పొర అవుతాయి. రెండో కన్ను బాగుండాలి, గాయం చల్లారే దాకా ఆగాలి.

ఇందులో అసలు విషయం, కణాలు పెంచే ల్యాబ్ అక్కర్లేదు. శిక్షణ పొందిన కార్నియా సర్జన్, ఆపరేషన్ థియేటర్ ఉంటే చాలు. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అయినా ఈ ఆపరేషన్ కోసం ఎల్లారెడ్డి కూలీ కుటుంబం వంద కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. రానుపోను చార్జీలు, పోయిన కూలి, మళ్లీ మళ్లీ చెకప్‌లు.. సగంలో మానేసేది ఇందుకే. మన నాయకులను అడగాల్సింది ఈ సర్జన్ పోస్టు గురించే.

అలాగని ‘స్టెమ్ సెల్’ అన్న ప్రతి ప్రకటననూ నమ్మొద్దు. షుగర్, పక్షవాతం తగ్గిస్తామని లక్షలు అడిగితే, అనుమతి ఉన్న పరిశోధనేనా అని అడగండి. పరిశోధనైతే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

సున్నం పడితే పాలు, నూనె వద్దు. వెంటనే మంచినీళ్లతో అరగంట కడగండి, కనిపించే ముద్దలు తీసేయండి, తర్వాతే బండెక్కండి. ఆ అరగంట చేసే మేలు ఏ ఆపరేషనూ చేయలేదు.